విదేశాలలో అద్దె ఇల్లు: స్థానిక బ్యాంకు ఖాతా లేనివారికి గల మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

కట్టంగూర్ (నల్గొండ జిల్లా): హైదరాబాద్ - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై నార్కట్‌పల్లి, నకిరేకల్‌ల మధ్య నెలకొన్న మండల కేంద్రం కట్టంగూర్. వరి, పత్తి, బత్తాయి పంటలపై ఆధారపడిన ఇటువంటి ప్రాంతాల నుండి కూడా నేడు యువతీ యువకులు ఉన్నత విద్య కొరకు, ఉద్యోగాల కొరకు అమెరికా, బ్రిటన్, కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా దేశాలకు తరలివెళ్ళుచున్నారు. ప్రవేశ పత్రం, వీసా, విమాన టికెట్టు విషయమై కుటుంబాలు చూపే శ్రద్ధ, అక్కడ దిగిన పిదప తల దాచుకొనుటకు అవసరమైన ఇంటి విషయంలో కానరావడం లేదు. మొదటి నెలలో ఎదురయ్యే పెద్ద చిక్కు ఇదే.

పలు దేశాలలో బ్యాంకు ఖాతా తెరవడానికి నివాస ధ్రువీకరణ అడుగుతారు. ఇల్లు అద్దెకు ఇచ్చే యజమాని స్థానిక బ్యాంకు ఖాతా, అక్కడి రుణ చరిత్ర చూపమంటాడు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదన్న సామెత చందంగా, ఇల్లు లేనిదే ఖాతా లేదు, ఖాతా లేనిదే ఇల్లు లేదు అన్న స్థితి ఏర్పడుతుంది. ఈ చిక్కుముడిని చట్టబద్ధంగా విప్పుకొనే మార్గాలు కలవు. వాటిని గురించి పాత్రికేయులకు, క్షేత్ర స్థాయి అధికారులకు అవగాహన కల్పించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపకార వేతనం వచ్చే వేళ

రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, వెనుకబడిన తరగతులవారికి మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాల ద్వారా 20 లక్షల రూపాయల వరకు ఆర్థిక సహాయం మంజూరు చేయుచున్నది. ఈ మొత్తం రెండు విడతలుగా విడుదల అవుతుంది. మొదటి విడత, విద్యార్థి ఆ దేశంలో అడుగుపెట్టినట్లు తెలిపే పత్రం (అమెరికాలో ఐ-94) సమర్పించిన మీదట వస్తుంది. రెండవ విడత మొదటి సెమిస్టరు ఫలితాలు సమర్పించిన తరువాత వస్తుంది.

దీనిని బట్టి ఒక విషయం స్పష్టమగుచున్నది. మొదటి నెల అద్దెకు, డిపాజిట్టుకు కావలసిన సొమ్ము ప్రభుత్వ సహాయం అందక ముందే విద్యార్థి చేతిలో ఉండాలి. ఉదాహరణకు నెలకు 1,800 డాలర్ల ఇంటిని ముగ్గురు కలసి తీసుకొన్నారని అనుకొందాం. ఒక నెల డిపాజిట్టు, ఒక నెల అద్దె కలిపి 3,600 డాలర్లు, అనగా తలకు 1,200 డాలర్లు తొలి రోజునే చెల్లించవలసి ఉంటుంది. మంజూరు పత్రం చూసి ధైర్యపడి వట్టి చేతులతో విమానమెక్కిన విద్యార్థికి, అంతవరకు ఇబ్బంది తప్పదు. లబ్ధిదారులకు మంజూరు ఉత్తర్వు అందజేసే సమయంలోనే అధికారులు ఈ సంగతిని విశదంగా చెప్పడం అవసరం.

ఇక్కడి నుండి సొమ్ము పంపే విధానం

భారతీయ రిజర్వు బ్యాంకు 2004 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన సరళీకృత చెల్లింపుల పథకం క్రింద, భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చును. ప్రారంభంలో ఈ పరిమితి 25,000 డాలర్లు మాత్రమే. ఇందుకు పాన్ నంబరు తప్పనిసరి. బ్యాంకులో ఏ-2 ఫారం నింపి, సొమ్ము ఎందుకు పంపుచున్నదీ తెలపాలి. తల్లిదండ్రులు తమ ఖాతా నుండి విశ్వవిద్యాలయ వసతి గృహానికి గాని, ఒప్పందం చేసుకొన్న ఇంటి యజమాని ఖాతాకు గాని నేరుగా పంపవచ్చును. ఇట్లు చేసినచో విద్యార్థికి అక్కడ ఖాతా లేకున్నను మొదటి అద్దె చెల్లుతుంది.

ప్రతి బ్యాంకు శాఖలోనూ విదేశీ మారక సేవలు ఉండవు. తమ శాఖలో ఆ సౌకర్యం ఉన్నదో లేదో, లేనిచో ఏ శాఖకు వెళ్ళవలెనో ప్రయాణానికి నెల రోజుల ముందే తెలుసుకోవడం మేలు. మధ్యవర్తి బ్యాంకులు దారిలో రుసుము మినహాయించినచో యజమానికి చేరే మొత్తం తగ్గి, అద్దె బకాయిగా నమోదు కావచ్చును. కావున అన్ని రుసుములను పంపువారే భరించే పద్ధతిని ఎంచుకోవాలి.

ఆర్థిక సంవత్సరంలో పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటినచో ఆపై మొత్తంపై మూలంలో పన్ను వసూలు (టీసీఎస్) వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుండి ఈ పరిమితి 7 లక్షల నుండి 10 లక్షలకు పెరిగింది. గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యారుణం నుండి పంపే సొమ్ముకు అదే తేదీ నుండి ఈ వసూలు లేదు. వసూలైన పన్నును ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చును.

ప్రయాణికుడు వెంట తీసుకొని వెళ్ళదగిన విదేశీ నోట్లు సాధారణంగా ఒక ప్రయాణానికి 3,000 డాలర్లకు మించరాదు. మిగిలిన దానిని ఫారెక్స్ కార్డులో నింపుకోవచ్చును. అయితే చాలామంది యజమానులు కార్డు గాని, నోట్లు గాని స్వీకరించరు. అమెరికాలో తపాలా కార్యాలయం ఇచ్చే మనీ ఆర్డరు ఇందుకు ఉపయోగపడుతుంది. ఒక్కొక్క మనీ ఆర్డరు గరిష్ఠంగా 1,000 డాలర్లు. నోట్ల రూపంలో చెల్లించినచో సంతకంతో కూడిన రశీదు తప్పక పొందాలి.

చేయరాని పని

మన విద్యార్థులలో ఒక అలవాటు కనిపించుచున్నది. అక్కడి సహవాసి డాలర్లలో అద్దె కడతాడు. అందుకు ప్రతిగా ఇక్కడి తల్లిదండ్రులు ఆ సహవాసి కుటుంబానికి రూపాయలు ఇస్తారు. చూచుటకు ఇది సులువైన సర్దుబాటుగా తోచును. కాని విదేశీ మారక నిర్వహణ చట్టం, 1999లోని 3వ సెక్షన్, అనుమతి లేకుండా విదేశంలో నివసించే వ్యక్తికి గాని, అతని తరఫున గాని ఇక్కడ చెల్లింపులు జరపడాన్ని నిషేధిస్తున్నది. ఈ సర్దుబాటు ఆ నిషేధం పరిధిలోకి వచ్చే అవకాశం కలదు. పైగా చెల్లింపునకు రుజువు మిగలదు. వివాదం వచ్చిన నాడు విద్యార్థి అద్దె కట్టినట్లు చూపే కాగితం ఒక్కటీ ఉండదు.

దేశాల వారీగా నిబంధనలు

అమెరికా: సోషల్ సెక్యూరిటీ నంబరు లేనిదే బ్యాంకు ఖాతా రాదన్న మాట వాస్తవం కాదు. పాస్‌పోర్టు ఆధారంగా విదేశీయులకు ఖాతా తెరవడానికి అక్కడి చట్టం అనుమతిస్తున్నది. అయితే బ్యాంకును బట్టి, శాఖను బట్టి విధానం మారుతుంది. రుణ చరిత్ర లేనివారిని యజమానులు పూచీకత్తు లేదా అదనపు డిపాజిట్టు అడుగుతారు. డిపాజిట్టుపై పరిమితి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్‌లో 2019 నుండి ఒక నెల అద్దెకు మించరాదు. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుండి అదే నిబంధన అమలులోకి వచ్చింది. చిన్న యజమానులకు రెండు నెలల వరకు మినహాయింపు కలదు. తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్‌లో ఇటువంటి పరిమితి లేదు. అక్కడ ఇల్లు ఖాళీ చేసి, కొత్త చిరునామా లిఖితపూర్వకంగా ఇచ్చినవారికి 30 రోజులలో డిపాజిట్టు తిరిగి ఇవ్వాలి.

బ్రిటన్: ఇంగ్లండులో 2019 నాటి చట్టం ప్రకారం, వార్షిక అద్దె 50,000 పౌండ్లకు లోపు ఉన్న ఇండ్లకు డిపాజిట్టు ఐదు వారాల అద్దెకు, బయానా ఒక వారం అద్దెకు మించరాదు. డిపాజిట్టును 30 రోజులలో గుర్తింపు పొందిన రక్షణ పథకంలో జమ చేయాలి. స్థానిక పూచీదారు లేని విదేశీ విద్యార్థులను ఆరు నెలల అద్దె ముందుగా అడిగే ఆచారం అక్కడ ఉండేది. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన అద్దెదారుల హక్కుల చట్టం, ప్రైవేటు అద్దె ఇండ్లలో ఒక నెలకు మించి ముందస్తు అద్దె కోరడాన్ని నిషేధించింది. ఇందుకు 2026 మే 1 అమలు తేదీగా నిర్ణయించబడింది. ఖాతా తెరవడానికి విశ్వవిద్యాలయం చిరునామాతో జారీ చేసే లేఖ సాధారణంగా ఉపయోగపడుతుంది.

జర్మనీ: విద్యార్థి వీసాకు 2024 సెప్టెంబరు నుండి ఏడాదికి 11,904 యూరోలు నిర్బంధ ఖాతాలో చూపాలి. అందులో నుండి నెలకు 992 యూరోలు మాత్రమే అందుతాయి. కావున డిపాజిట్టుకు వేరుగా సొమ్ము సిద్ధం చేసుకోవాలి. డిపాజిట్టు మూడు నెలల మూల అద్దెకు మించరాదు. దానిని మూడు సమాన వాయిదాలలో చెల్లించే హక్కు అద్దెదారునకు కలదు. ఇంట్లో చేరిన రెండు వారాలలో చిరునామా నమోదు చేయించాలి. అందుకు యజమాని ధ్రువపత్రం అవసరం. యూరో చెల్లింపుల నిబంధనల ప్రకారం, ఖాతా ఫలానా సభ్య దేశంలోనే ఉండాలని సొమ్ము పుచ్చుకొనేవారు షరతు విధించరాదు. చట్టబద్ధ నివాసులు ప్రాథమిక బ్యాంకు ఖాతా పొందే హక్కు 2016 నుండి అమలులో ఉన్నది.

కెనడా: ఉద్యోగం లేకున్నను, జమ చేయుటకు సొమ్ము లేకున్నను, సరైన గుర్తింపు పత్రాలు చూపినవారికి బ్యాంకులు ఖాతా తెరవాలన్నది అక్కడి నిబంధన. ఒంటారియో రాష్ట్రంలో చివరి నెల అద్దెను మాత్రమే డిపాజిట్టుగా తీసుకోవచ్చును. నష్టపరిహారం పేరిట డిపాజిట్టు గాని, ముందు తేదీలు వేసిన చెక్కులు ఇవ్వాలని పట్టుబట్టడం గాని చెల్లదు.

ఆస్ట్రేలియా: న్యూ సౌత్ వేల్స్‌లో డిపాజిట్టు నాలుగు వారాల అద్దెకు మించరాదు. దానిని యజమాని తన వద్ద ఉంచుకోక, ప్రభుత్వ సంస్థ వద్ద జమ చేయాలి.

దుబాయ్: ముందు తేదీల చెక్కుల ద్వారా అద్దె చెల్లించడం అక్కడి ఆచారం. చెక్కు పుస్తకం కావాలంటే నివాస అనుమతి, స్థానిక గుర్తింపు కార్డు ముందుగా రావాలి. కావున కొత్తగా వెళ్ళేవారు తొలి నెలల వసతి బాధ్యత యాజమాన్యానిదేనని నియామక పత్రంలో వ్రాయించుకోవడం శ్రేయస్కరం.

మోసాల పట్ల అప్రమత్తత

ఖాతా లేనివారి తొందరను ఆసరాగా చేసుకొని మోసగించేవారు ఉన్నారు. మార్కెట్టు ధర కంటె తక్కువ అద్దె, అందమైన ఛాయాచిత్రాలు, యజమాని వేరే దేశంలో ఉన్నాడన్న కథ, డిపాజిట్టు పంపినచో తాళాలు కొరియరులో వస్తాయన్న హామీ, ఇవి మోసానికి గుర్తులు. ఇంటిని తాను గాని, నమ్మకమైన వ్యక్తి గాని కళ్ళారా చూడనిదే, ఒప్పందంపై సంతకాలు కానిదే సొమ్ము పంపరాదు. సీనియరు విద్యార్థి నుండి గది తీసుకొన్నచో, అసలు యజమాని లిఖితపూర్వక అనుమతి ఉన్నదో లేదో చూడాలి. ఉమ్మడి ఒప్పందంపై సంతకం చేసినచో సాధారణంగా ఒకరు ఎగవేసిన అద్దెకు మిగిలినవారు బాధ్యులగుదురు.

ఇక్కడి నుండి సొమ్ము పంపి మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ. విదేశంలో కష్టంలో ఉన్నవారు భారత రాయబార కార్యాలయాన్ని, విదేశాంగ మంత్రిత్వ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' పోర్టల్‌ను ఆశ్రయించవచ్చును.

బయలుదేరక ముందు

మొదటి రెండు నుండి నాలుగు వారాలకు విశ్వవిద్యాలయ వసతి గాని, తాత్కాలిక వసతి గాని ఇక్కడి నుండే చెల్లించి ఖాయం చేసుకొనుట అన్ని విధాలా సురక్షితం. ఆ చిరునామాతో బ్యాంకు ఖాతా తెరచి, ఆ పిదప ఇల్లు చూచుకొన్నచో చిక్కుముడి దానంతట అదే విడిపోతుంది. ప్రవేశ పత్రం, ఉపకార వేతన మంజూరు ఉత్తర్వు, విద్యారుణ పత్రం, ఆరు నెలల బ్యాంకు లెక్కల నకలు, ఇంతకు మునుపు అద్దెకున్న ఇంటి యజమాని ఆంగ్లంలో ఇచ్చిన లేఖ వెంట ఉంచుకొన్నచో రుణ చరిత్ర లేని లోటు కొంత తీరుతుంది.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు సకాలంలో జారీ అయినప్పుడే ఉపకార వేతనం దరఖాస్తు ముందుకు సాగుతుంది. తహశీల్దారు కార్యాలయంలో జరిగే వారం రోజుల ఆలస్యం, వేల మైళ్ళ దూరంలో ఒక విద్యార్థి అద్దె బకాయిగా పరిణమించగలదని సంబంధిత సిబ్బంది గుర్తించవలసి ఉన్నది. పత్రికల ద్వారా ఈ సమాచారం గ్రామాలకు చేరినచో, భూమి తాకట్టు పెట్టి పిల్లలను పంపుచున్న కుటుంబాలకు ఎంతో మేలు చేకూరుతుంది.