మన అబ్బాయి మారిపోతున్నాడని ఎవరితో చెప్పుకోవాలి?

2012లో డెన్మార్క్ దేశంలోని ఆర్హుస్ పట్టణంలో పోలీసులకు కొన్ని ఇళ్ళ నుండి ఫోన్లు రాసాగాయి. "మా అబ్బాయి కనబడడం లేదు" అని తలిదండ్రులు చెబుతున్నారు. విచారిస్తే ఆ కుర్రవాళ్ళు యుద్ధం జరుగుతున్న సిరియాకు వెళ్ళారని తేలింది. 2013 ముగిసేనాటికి అలా వెళ్ళినవారు సుమారు 30 మంది అయ్యారు. మూడు లక్షల పైచిలుకు జనం ఉన్న ప్రశాంతమైన పట్టణానికి ఇది చిన్న విషయం కాదు.

ఈ బిడ్డలు ఆకాశం నుండి ఊడిపడినవారు కారు. అదే ఊళ్ళో పెరిగి, అక్కడి బడుల్లోనే చదువుకున్నవారు. ఒకే బల్ల దగ్గర అన్నం తిన్న కొడుకు ఎప్పుడు, ఎలా పరాయివాడయ్యాడు? ముందుగా ఎవరికీ తెలియలేదా? తెలిసినా ఎవరికి చెప్పాలో తోచలేదా? తలిదండ్రులారా, ఈ ప్రశ్నలు డెన్మార్క్‌కు మాత్రమే చెందినవి కావు.

తలుపు తెరిచిన పట్టణం

2005 జూలై 7న లండన్ రైళ్ళలోను, ఒక బస్సులోను బాంబులు పేలి 52 మంది చనిపోయారు. ఆ పని చేసినవారు ఇంగ్లాండులోనే నివసిస్తున్నవారని తెలిసి ఐరోపా అంతా కలవరపడింది. ఆ తరువాత, 2007లో, ఆర్హుస్ పురపాలక సంఘం, అక్కడి పోలీసులు కలిసి ఒక కార్యక్రమం ప్రారంభించారు. పునాది అప్పటికే ఉంది. బడి, సాంఘిక సంక్షేమ శాఖ, పోలీసులు కలిసి కూర్చుని దారి తప్పుతున్న పిల్లల గురించి మాట్లాడుకునే పద్ధతి ఆ దేశంలో 1970ల నుండి నడుస్తోంది. దొంగతనాలకు, మత్తుమందులకు అలవాటుపడే పిల్లల కోసం ఏర్పడిన ఆ పద్ధతినే తీవ్రవాదం వైపు మొగ్గుతున్న పిల్లలకు కూడా ఉపయోగించారు.

పని జరిగే తీరు ఇది. ఉపాధ్యాయుడో, తల్లో, ఆటలు నేర్పేవాడో ఒక పిల్లవాని గురించి కలవరపడితే సంప్రదించడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడివారు ముందు విచారిస్తారు. చాలాసార్లు అది వయసు తెచ్చే ఆవేశమే అని తేలుతుంది. నిజంగా ఇబ్బంది ఉంటే ఆ యువకునికి ఒక పెద్ద దిక్కును చూపిస్తారు. తర్ఫీదు పొందిన ఆ వ్యక్తి తరచు అతన్ని కలుసుకుంటూ, చదువు, ఉద్యోగం, ఇంట్లో గొడవలు, మతం, రాజకీయం అన్నిటి గురించి మాట్లాడతాడు. తలిదండ్రులను కూడా ఒకచోట కూర్చి, ఒకరి భారం ఒకరు పంచుకునేలా చేస్తారు.

సిరియా వెళ్ళినవారిలో సుమారు సగం మంది తిరిగివచ్చారు. నేరం చేసినట్లు రుజువుంటే శిక్ష తప్పదన్నారు పోలీసులు. నేరం చేయనివారికి మాత్రం చదువుకు, పనికి, ఇంటికి, వైద్యానికి సాయం చేశారు. అలన్ ఆర్స్లెవ్, తోర్లీఫ్ లింక్ అనే పోలీసు అధికారులు ఈ పనిలో ముందు నిలిచారు. వెళ్ళినవారిలో ఎక్కువమంది గ్రిమ్‌హోయ్ అనే మసీదుకు వచ్చి పోయేవారు. దాన్ని మూసివేయాలని రాజకీయ నాయకులు కొందరు పట్టుబట్టినా, పట్టణ అధికారులు ఆ పెద్దలతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే దారినే ఎంచుకున్నారు.

దీన్ని చూసి చాలామంది కోపగించుకున్నారు. మా పిల్లలు ఏ తప్పూ చేయకుండా ఉద్యోగాల కోసం తిరుగుతుంటే, యుద్ధానికి పోయినవానికి ఇంత మర్యాదా అన్నారు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పొలం నుండి వచ్చిన పెద్దన్న కోపం మనకు తెలిసినదే. ఆ కోపంలో న్యాయం లేదని కూడా అనలేము. అయితే 2014లో ఆ పట్టణం నుండి సిరియాకు వెళ్ళినది ఒక్కరే. దీనికి ఈ కార్యక్రమమే పూర్తి కారణమని ఎవరూ రుజువు చేయలేరు. కాని తిరిగివచ్చిన కుర్రవాణ్ణి వీధిలో వదిలేస్తే అతన్ని చేరదీసేది ఎవరో ఆ పోలీసులకు బాగా తెలుసు.

ఎందుకు పోతారు?

ఈ పనిలో తోడ్పడిన ఆర్హుస్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త ప్రెబెన్ బెర్టెల్సెన్ ఆలోచన సరళమైనది. నలుగురిలో తనకూ ఒక చోటుండాలని ప్రతి మనిషీ కోరుకుంటాడు. ఆ చోటు దొరకనివాడు, తనను పిలిచి పీట వేసినవాని వెంట పోతాడు. బడిలో ఒక అవమానం, ఇంట్లో ఒక చావు, రాని ఉద్యోగం, ఎవరితోను చెప్పుకోలేని ఒంటరితనం - ముందుగా వచ్చేవి ఇవి. "తప్పు నీది కాదు, ఫలానావాళ్ళది. నీవు మాకు కావాలి" అనే మాట ఆ తరువాత వస్తుంది. సిద్ధాంతం చాలాసార్లు చివరన వచ్చి కూర్చుంటుంది.

ఇది ఒక్క మతానికి అంటిన జబ్బు అనుకుంటే పొరపాటు. 2011 జూలై 22న నార్వేలో ఒక్క మనిషి 77 మందిని చంపాడు. వారిలో 69 మంది ఉతోయా ద్వీపంలో యువజన శిబిరానికి వచ్చినవారు, వారి తోడున్నవారు. అతడు తాను క్రైస్తవ ఐరోపాను కాపాడుతున్నానని రాసుకున్నాడు. క్రైస్తవులమైన మనం ఈ మాటను దాటవేయకూడదు. ద్వేషం తనకు నచ్చిన జెండా ఏదైనా ఎత్తుకుంటుంది.

జర్మనీలో నాజీ భావాల ముఠాల నుండి బయటపడాలనుకునేవారికి సాయం చేయడానికి, మాజీ పోలీసు అధికారి బెర్న్‌డ్ వాగ్నర్, ఆ ముఠాల నుండే బయటికి వచ్చిన ఇంగో హాసెల్‌బాక్ కలిసి 2000లో 'ఎగ్జిట్' అనే సంస్థను స్థాపించారు. 2011లో ఈ సంస్థ ఒక చిత్రమైన పని చేసింది. అలాంటివారు గుమికూడే ఒక సంగీత సభలో పుర్రె బొమ్మ ఉన్న 250 టీషర్టులు ఉచితంగా పంచిపెట్టారు. ఇంటికెళ్ళి ఉతికితే ఆ బొమ్మ పోయి, ఈ చొక్కా మారినట్టే నీవూ మారవచ్చు, మేము సాయం చేస్తాం అనే సందేశం బయటపడింది. ఇన్నేళ్ళలో వందల మంది ఆ సంస్థ సాయంతో బయటికి వచ్చారు.

అతిగా చూస్తే, అసలు చూడకపోతే

ఇంగ్లాండులో 2015 నుండి బడులు, ఆసుపత్రులు, జైళ్ళు, పురపాలక సంఘాలు ఈ విషయంలో శ్రద్ధ వహించాలని చట్టమే ఉంది. అక్కడ పనిచేసే మన తెలుగు నర్సులకు, డాక్టర్లకు, టీచర్లకు ఇది తెలిసిన సంగతే. ఉద్దేశం మంచిదే గాని ఆచరణ కష్టం. 2016లో ఒక నర్సరీ బడిలో నాలుగేళ్ళ ముస్లిం బాలుడు తన తండ్రి దోసకాయ కోస్తున్న బొమ్మ గీశాడు. వాడు 'కుకుంబర్' అన్న మాట టీచర్లకు 'కుకర్ బాంబు' అని వినబడింది! తీవ్రవాద నిరోధక విభాగానికి చెప్పాలన్నంతవరకు పోయింది వ్యవహారం. ఆ తల్లి మనసు ఎంత నొచ్చుకొని ఉంటుంది! అలాంటి అనుభవం తరువాత, నిజంగా భయం కలిగిన రోజున ఏ తల్లి నోరు విప్పుతుంది?

దీనికి మరో వైపూ ఉంది. 2024 జూలై 29న సౌత్‌పోర్ట్‌లో నాట్యం నేర్చుకుంటున్న ముగ్గురు చిన్నారులను 17 ఏళ్ళ కుర్రవాడు పొడిచి చంపాడు. అతని గురించి 2019, 2021 మధ్య మూడుసార్లు ఇదే విభాగానికి సమాచారం అందింది. ఏ సిద్ధాంతమూ స్పష్టంగా కనబడలేదని మూడుసార్లూ ఆ కాగితాలు మూసివేశారు. అలా తొందరపడి మూసివేయడం తప్పని 2025లో వెలువడిన సమీక్ష తేల్చింది. 2015 ఫిబ్రవరిలో కోపెన్‌హాగెన్‌లో ఇద్దరిని చంపినవాని గురించి కూడా జైలు అధికారులు ముందే హెచ్చరిక పంపారు.

అంటే టీచరు, వార్డరు చూడవలసింది చూశారు, చెప్పవలసింది చెప్పారు. విన్నవారు దాన్ని చివరిదాకా పట్టుకోలేదు. అందుచేత వారికి తర్ఫీదు ఇవ్వడంతో సరిపోదు. వారి మాటకు తిరిగి జవాబు రావాలి.

మన ఇళ్ళలో, మన వీధిలో

గడ్డం, ముసుగు, ప్రార్థన, బొట్టు - ఇవి గుర్తులు కావు. చూడవలసింది మార్పును. పాత స్నేహితులను ఒక్కసారిగా వదిలేయడం, ఇష్టమైన ఆట మానేయడం, ఏ కబురు వచ్చినా ఒకే వర్గాన్ని నిందించడం, ఫోనులో ఎవరితో మాట్లాడుతున్నదీ దాచడం, చంపినవానిని మెచ్చుకోవడం. వీటిలో ఒకటి కనబడితే కంగారు పడనక్కరలేదు. కొన్ని కలిసి కనబడితే ఊరుకోకూడదు.

అప్పుడు వాదనకు దిగవద్దు. వాదనకు కావలసిన జవాబులన్నీ వానికి ముందే నేర్పి ఉంటారు. "ఈ మధ్య నీకేమైంది నాన్నా?" అని అడగండి. అడిగి, వినండి. తండ్రి మాట చెవికెక్కకపోతే మేనమామో, పాత టీచరో, ఆట నేర్పిన మాస్టారో మాట్లాడవచ్చు. ఎవరికైనా హాని చేస్తానన్న మాట వినబడితే మాత్రం పరువు కోసం దాచిపెట్టకూడదు. వెంటనే పోలీసులకు చెప్పాలి. అది బిడ్డకు చేసే ద్రోహం కాదు.

ఇరుగుపొరుగు బాధ్యత మరొకటి. కోపెన్‌హాగెన్ హత్యల్లో ఒకటి యూదుల ప్రార్థనా మందిరం దగ్గర జరిగింది. వారం తిరగకముందే నార్వే రాజధాని ఓస్లోలో ముస్లిం యువతీ యువకులు పిలుపునిస్తే, వెయ్యిమందికి పైగా అక్కడి యూదుల మందిరం దగ్గరకు చేరారు. చేయి చేయి పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఆ పిలుపునిచ్చినవారు కూడా ఆర్హుస్ నుండి వెళ్ళిపోయిన కుర్రవాళ్ళ ఈడువారే. వారికి నిలబడడానికి ఒక చోటు, పట్టుకోవడానికి ఒక చేయి దొరికాయి.

మన వీధిలో ఎవరితోను కలవకుండా తిరిగే కుర్రవాడు ఎవరు? ఈ వారం అతన్ని భోజనానికి పిలవగలమా? ఈ పేజీ మూసేముందు ఇంటిల్లిపాదీ కలిసి ఆలోచించండి.