ఆటల కంప్యూటరు: పాత బోర్డు చాలునా, క్రొత్తది కొనవలెనా?

కంప్యూటరుమీద ఆటలాడు పిల్లలున్న ఇండ్లలో కొన్ని యేండ్లకొకసారి ఒక ప్రశ్న తప్పక తలయెత్తును. క్రొత్తగా వచ్చిన ఆట పాత ప్రాసెసరుతో సాఫీగా నడువదు. తెరమీది బొమ్మ ఆగి ఆగి కదలుచుండును. ప్రాసెసరు మార్చవలెనని కుమారుడు కోరును. దానితోబాటు మదర్‌బోర్డును కూడ మార్చవలెనని అంగడివారు చెప్పుదురు. బోర్డు మారినచో ర్యామును మార్చవలసివచ్చును. ఒక వస్తువునకై సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకు బయలుదేరిన గృహస్థు మూడు వస్తువుల వెల చెల్లించి యిల్లు చేరును. ఇంటి రాబడిలో ఇట్టి వ్యయమునకు మిగులు మొత్తము పరిమితము. అందులో బోర్డునకెంత, ప్రాసెసరునకెంత అను విషయమును కొనుటకు ముందే విచారింపవలెను.

మొదట మదర్‌బోర్డు చేయు పని యేమో తెలిసికొందము. ప్రాసెసరు లెక్కలు చేయును. గ్రాఫిక్సు కార్డు బొమ్మను గీయును. ర్యాము కావలసిన సమాచారమును చేతికందునట్లు నిలిపియుంచును. మదర్‌బోర్డు ఈ మూడింటిని కలిపి, వానికి విద్యుత్తు నందించును. అంతియేగాని అది స్వయముగా ఆటను నడుపదు. ఒకే ప్రాసెసరును సామాన్యమైన బోర్డుమీదను, అంతకు మూడురెట్లు వెలగల బోర్డుమీదను అమర్చి ఆడినచో, విద్యుత్తు రెండింటను చాలినంత అందుచున్నంతవరకు, ఆటవేగములో భేదము అత్యల్పము. కావున బోర్డుమీద అవసరమునకు మించి పెట్టిన ప్రతి రూపాయియు ప్రాసెసరునుండియో, గ్రాఫిక్సు కార్డునుండియో తీసివేసిన రూపాయియే యగును. బోర్డును ఎన్నుకొనుటలో ముఖ్యసూత్రము ఇదియే.

అసలు లోపము ప్రాసెసరులోనే ఉన్నదా అను సంగతి ముందుగా తేల్చుకొనవలెను. అందులకు ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. ఆటలోని అమరికలయందు బొమ్మ పరిమాణమును, అనగా రిజల్యూషనును, తగ్గించి చూడుడు. క్షణమునకు తెరమీద కనబడు చిత్రముల సంఖ్య బాగుగా పెరిగినచో ఇంతవరకు అడ్డుపడినది గ్రాఫిక్సు కార్డు. ప్రాసెసరు మార్చినను ప్రయోజనము స్వల్పము. సంఖ్య పెరుగక ఉన్నచోటనే నిలిచినచో లోపము ప్రాసెసరుదే యని చాలవరకు నిశ్చయింపవచ్చును.

ఇప్పుడొక ఉదాహరణము తీసికొందము. ఒక యింట 2018లో వచ్చిన రైజెన్ 5 2600 ప్రాసెసరు, బి450 జాతి బోర్డు, 16 జి.బి. డి.డి.ఆర్.4 ర్యాము ఉన్నవనుకొనుడు. ప్రాసెసరు కూర్చుండు గూడును సాకెట్టు అందురు. ఈ బోర్డులోని సాకెట్టు పేరు ఎ.ఎమ్.4. ఎ.ఎమ్.డి. సంస్థ 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లను ఈ సాకెట్టునకే తయారుచేసినది. 2022 ఏప్రిలులో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి, 2024 జనవరిలో వచ్చిన రైజెన్ 7 5700ఎక్స్3డి కూడ ఈ సాకెట్టులోనే అమరును. అనగా 2018 నాటి బోర్డు ఆరేండ్ల తరువాత వచ్చిన ప్రాసెసరునకును ఆశ్రయమీయగలదు.

ఈ రెండు ప్రాసెసర్లకును ఆటలయందు ఇంత ఖ్యాతి రాగల కారణము వానిలోని క్యాష్. వంటయింటి అలమరలో పప్పు, ఉప్పు నిలువయున్నచో మాటిమాటికి బజారునకు పోనక్కరలేదు. ప్రాసెసరులోపలి క్యాష్ అట్టి అలమర, ర్యాము బజారువంటిది. సాధారణమైన 5800ఎక్స్ ప్రాసెసరునందు మూడవ అంతస్తు క్యాష్ 32 ఎమ్.బి. కాగా, దానిపై మరి 64 ఎమ్.బి. పేర్చి 5800ఎక్స్3డియందు 96 ఎమ్.బి. చేసిరి. ఆటలు చిన్న చిన్న సమాచారములను పదేపదే కోరును గనుక ఈ అలమర వానికి మిక్కిలి ఉపకరించును. ఇది ప్రాసెసరులోని గుణము. ఏ బోర్డును దీనిని కల్పింపజాలదు. అంత వెల పెట్టలేనివారికి 2022లోనే వచ్చిన రైజెన్ 5 5600 కూడ 2600 కంటె చెప్పుకోదగిన మెరుగు.

అయితే సాకెట్టు కలిసినంతమాత్రమున పని ముగియదు. బోర్డులో బయోస్ అను ఒక ప్రాథమిక క్రమలేఖ ఉండును. మీట నొక్కగానే ప్రాసెసరును గుర్తించి మేలుకొలుపునది అదియే. పాత బయోస్‌నకు క్రొత్త ప్రాసెసరు తెలియదు. తెర నల్లగనే యుండును, కొన్నవారు వస్తువు చెడినదని భ్రమపడుదురు. 2020 మేలో 400 వరుస బోర్డులకు రైజెన్ 5000 జాతిని అనుమతింపబోమని ఎ.ఎమ్.డి. మొదట తెలిపి, కొనుగోలుదారుల ఆక్షేపణమీద ఆ నెలలోనే నిర్ణయమును మార్చుకొన్నది. 300 వరుసకు అట్టి వీలు 2022లో గాని రాలేదు. కావున తయారీదారుల వెబ్‌సైటులో మీ బోర్డు పూర్తిపేరును, రివిజను సంఖ్యను వెదకి, ఏ ప్రాసెసరునకు ఏ బయోస్ కావలెనో చూచిన పిదపనే డబ్బు చెల్లింపుడు.

బయోస్ మార్పును పాత ప్రాసెసరు బోర్డులో ఉండగనే చేయవలెను. ఆ కొద్ది నిమిషములలో కరెంటు పోయినచో బోర్డు పనికిరాకుండ పోవచ్చును. మన ఊళ్లలో ఈ భయము ఊహామాత్రము కాదు గనుక యు.పి.ఎస్. తగిలించియే ఆ పనికి పూనుకొనుట మంచిది. కొన్ని బోర్డులకు ప్రాసెసరు లేకయే బయోస్‌ను మార్చు మీట కలదు. పాతబోర్డును బయట కొనువారికి ఇది మేలైన సదుపాయము.

తరువాత పరిశీలింపవలసినది బోర్డులోని విద్యుత్ నియంత్రణ భాగము. దీనిని వి.ఆర్.ఎమ్. అందురు. ఇది 12 వోల్టుల విద్యుత్తును సుమారు 1.2 వోల్టులకు దించి ప్రాసెసరున కందించును. 5800ఎక్స్3డికి నిర్ణయించిన శక్తి పరిమితి 142 వాట్లు. అంత తక్కువ వోల్టేజివద్ద ఇన్ని వాట్లు కావలెనన్నచో ప్రవాహము నూరు ఆంపియర్ల ప్రాంతమునకు చేరును. ఇంటిలో గీజరు తగిలించు ప్లగ్గు 16 ఆంపియర్లకు మాత్రమే ఉద్దేశింపబడినదని తలచినచో ఈ భాగము మోయు బరువు తెలియగలదు. చవుకబోర్డులలో ఈ భాగముమీద లోహపు రేకు ఉండదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటు మన వేసవిలో అది వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై ప్రాసెసరు వేగమును తగ్గించును. కావున లోహపు రేకు గల బోర్డునకు కొంత అధికముగ చెల్లించుట వృథా కాదు. 65 వాట్ల రకమైన 5600కు మాత్రము సామాన్యమైన బోర్డు చాలును.

ఇంకొక సంగతి మరువరాదు. ఎక్స్3డి ప్రాసెసర్ల పెట్టెలో చల్లబరచు పంకా ఉండదు. 2600తో వచ్చిన చిన్న పంకా వీనికి చాలదు. దాని వెలను మొదటనే లెక్కలో చేర్చుకొనవలెను.

ఇక వేనికి అధికముగ చెల్లింపనక్కరలేదో చూతము. నిర్ణీతవేగమును మించి ప్రాసెసరును పరుగెత్తించుటను ఓవర్‌క్లాకింగ్ అందురు. 5800ఎక్స్3డి గుణకము బిగింపబడినది; దానిని ఆ విధముగ పెంచ వీలులేదు. అట్టి ప్రాసెసరునకు ఓవర్‌క్లాకింగ్ బోర్డు కొనుట దండుగ. రంగుదీపములు ఆటను ఒక్క అడుగైనను ముందునకు నడుపవు. బి450 బోర్డుమీది పి.సి.ఐ. మార్గము మూడవ తరమునకు చెందినది. బి550 బోర్డున నాల్గవ తరమునకు చెందినది. గ్రాఫిక్సు కార్డు 16 మార్గములను వాడునదైనచో ఈ భేదము స్వల్పము. 2022లో వచ్చిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. వలె నాలుగు మార్గములనే వాడు కార్డులకు మాత్రము పాత బోర్డుమీద నష్టము కనబడును.

క్రొత్తబోర్డు ఎప్పుడు కొనవలెను? పాతబోర్డు చెడిపోయినప్పుడును, దాని సాకెట్టునకు మెరుగైన ప్రాసెసరు దొరకనప్పుడును. ఎ.ఎమ్.5 సాకెట్టు 2022 సెప్టెంబరులో వచ్చినది. అందు డి.డి.ఆర్.5 ర్యాము మాత్రమే పనిచేయును, ఇంటనున్న డి.డి.ఆర్.4 దానికి పనికిరాదు. 2025 చివరి మాసములలో ర్యాము ధరలు విపరీతముగ పెరిగినవి గనుక ఈ భారమును తేలికగా తలపరాదు. ఐనను ఈ సాకెట్టును 2027 వరకును ఆపైనను కొనసాగింతుమని ఎ.ఎమ్.డి. ప్రకటించియున్నది, ఇప్పుడు మితమైన ప్రాసెసరుతో ప్రారంభించి మునుముందు మార్చుకొనదలచినవారికి అది అనుకూలము. బి650 బోర్డు చాలవరకు సరిపోవును. ఎ620 బోర్డులలో కొన్ని 65 వాట్ల ప్రాసెసర్లకే ఉద్దేశింపబడినవి. 120 వాట్ల రైజెన్ 7 7800ఎక్స్3డిని వానిమీద అమర్చదలచినవారు అనుమతి పట్టికను తప్పక చూడవలెను.

ఇంటెల్ ప్రాసెసర్లు గలవారికిని ఈ విచారమే వర్తించును. 12, 13, 14వ తరములు ఎల్.జి.ఎ. 1700 అను ఒకే సాకెట్టునకు చెందినవి. ఆ బోర్డులలో డి.డి.ఆర్.4 రకము వేరు, డి.డి.ఆర్.5 రకము వేరు. ఇంటనున్న ర్యామునుబట్టి బోర్డును ఎన్నుకొనవలెను. ఏ సంస్థ ప్రాసెసరైనను, క్రొత్తబోర్డునకు కూడ తాజా బయోస్ వేయుట ముఖ్యము. 2023లో 7800ఎక్స్3డి వంటి ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజివలన కాలిపోగా, ఒక భాగపు వోల్టేజిని 1.3కు మించనీయని బయోస్‌లు వెలువడినవి. 2024లో ఇంటెల్ 13, 14వ తరముల చిక్కునకును బయోస్ ద్వారానే సవరణ వచ్చినది.

పాతబోర్డును కొనువారు సాకెట్టును వెలుతురులో పరీక్షింపవలెను. ఎ.ఎమ్.4లో సూదులు ప్రాసెసరు అడుగున ఉండును, ఎ.ఎమ్.5లోను ఎల్.జి.ఎ. 1700లోను బోర్డుమీద ఉండును. వంగిన సూది ఒకటున్నను బేరము మానుకొనుటయే మేలు.

కావున గృహస్థులు ఈ క్రమమును పాటింతురుగాక: మొదట పరీక్ష, పిదప అనుమతి పట్టిక, ఆపైన బయోస్, ఆ తరువాతనే అంగడి. ఈ క్రమమున నడచినవారిలో పెక్కుమందికి బోర్డు కొనవలసిన అగత్యమే లేదని తేలును. మిగిలిన ద్రవ్యముతో మెరుగైన ప్రాసెసరు వచ్చును; లేదా ఆ ద్రవ్యము ఇంటనే నిలుచును.