పరాయి దేశంలో మ్యాప్ మాట ఎంతవరకు వినాలి?

2016 ఫిబ్రవరిలో అమెరికా నుంచి వచ్చిన ఒక యువకుడు ఐస్‌లాండ్‌లోని కెఫ్లావిక్ విమానాశ్రయంలో దిగి, అద్దె కారు తీసుకుని, రాజధాని రేక్యవిక్‌లోని హోటల్‌కి బయల్దేరాడు. యాభై కిలోమీటర్ల దూరం, ముప్పావు గంట ప్రయాణం. హోటల్ ఉన్న వీధి పేరు లౌగవేగుర్. బుకింగ్ కాగితంలో మధ్యలో ఒక అక్షరం అదనంగా పడి అది లౌగర్‌వేగుర్ అయింది. అతను కారులోని జీపీఎస్‌లో అదే కొట్టాడు. ఆ పేరుతోనూ నిజంగానే ఒక వీధి ఉంది. కాకపోతే అది దేశానికి ఉత్తరపు కొసన, సిగ్లుఫ్యోర్దుర్ అనే చేపల రేవులో ఉంది. మంచు పట్టిన రోడ్ల మీద ఐదు గంటలకు పైగా నడిపి, ఎవరింటి తలుపో తట్టాక గానీ అతనికి సంగతి తెలియలేదు. పత్రికలు నవ్వుకుంటూ రాశాయి, ఊరివాళ్లు ఆదరించారు, కథ సుఖాంతమైంది. అయితే ఇందులో యంత్రం చేసిన తప్పు ఒక్కటీ లేదు. అడిగిన చోటికి అడిగినట్టే చేర్చింది. తప్పిందల్లా ఒకటే: గంట దాటినా ఊరు రాకపోతే ‘ఇదేదో తేడాగా ఉందే’ అని బండి పక్కకు ఆపించే ఎరుక. ఏదో తేడాగా ఉందని అతనికి అనిపించకపోలేదు. అయినా యంత్రం మీద నమ్మకమే గెలిచింది.

ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో ఆలోచిస్తే మన అసలు సమస్య బయటపడుతుంది. సొంత ఊళ్లో మ్యాప్ పెట్టుకుని వెళ్లేటప్పుడు మనం దాని మాట పూర్తిగా వినం. అది ఒక సందులోకి తిప్పమంటుంది. మంగళవారం అక్కడ సంత ఉంటుందని మనకు తెలుసు కాబట్టి తిన్నగా పోతాం. ఫ్లైఓవర్ ఎక్కాలో కింద నుంచి పోవాలో అది తేల్చుకోలేకపోతే మనమే తేల్చేస్తాం. వానాకాలంలో ఏ అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయో దానికి తెలియదు, మనకు తెలుసు. మనం దారి మార్చిన ప్రతిసారీ అది కిక్కురుమనకుండా రూటు సవరించుకుంటుంది. చివరికి చేరాక మాత్రం ‘మ్యాప్ భలే తీసుకొచ్చింది’ అంటాం. అంటే దాని తప్పులు దిద్దేది మనం, పేరు కొట్టేసేది అది. ఇలా ఏళ్ల తరబడి పోగైన పేరునే వెంటబెట్టుకుని పరాయి దేశంలో విమానం దిగుతాం. అక్కడ దిద్దేవాడు ఉండడు. యంత్రం అవసరం ఎక్కడ అన్నిటికంటే ఎక్కువో, దాని మాటను తూచే శక్తి మనకు అక్కడే అన్నిటికంటే తక్కువ. కాబట్టి ఇంటి దగ్గర దానికిచ్చే నమ్మకాన్ని సరిహద్దు దాటాక యథాతథంగా ఇవ్వకూడదన్నది నా వాదన.

యంత్రానికి కచ్చితంగా తెలిసింది ఏమిటి? మన తలల పైన సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, అవి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోను తానెక్కడుందో లెక్క కడుతుంది. 2000 మే వరకు సామాన్యులకు వెళ్లే సంకేతంలో అమెరికా సైన్యం కావాలనే పొరపాటు కలిపేది. వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. క్లింటన్ ప్రభుత్వం ఆ అడ్డు తీసేశాకే కార్లలో ఈ సాధనాలు ఇంటింటి సరుకయ్యాయి. ఇవాళ ఆరుబయట మామూలు ఫోను కూడా ఐదు మీటర్ల అటూఇటూగా చోటు చెప్పేస్తుంది. ఇది నిస్సందేహంగా గొప్ప సంగతే. అయితే ఉపగ్రహం చెప్పేది ‘నువ్వు ఇక్కడున్నావు’ అన్న ఒక్క ముక్కే. ‘ఇటు తిరుగు’ అనేది ఉపగ్రహం కాదు. మనుషులు, కంపెనీలు, ప్రభుత్వాలు కలిసి పోగుచేసిన రోడ్ల జాబితా, దాని మీద నడిచే ఒక లెక్క ఆ మాట అంటాయి. ఈ రెంటినీ మనం కలిపి జీపీఎస్ అనేస్తాం. మొదటిదాని కచ్చితత్వం చూసి రెండోదానికీ అంతే విలువ ఇచ్చేస్తాం.

ఐస్‌లాండ్‌నే ఇంకాస్త దగ్గరగా చూద్దాం. అక్కడ దీవిని చుట్టివచ్చే ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్లకు పైచిలుకు; వేసవిలో మామూలు కారుకి ఇబ్బంది లేదు. నంబరుకు ముందు ‘ఎఫ్’ ఉంటే అది కొండదారి. మంచు కరిగాక వేసవి నెలల్లోనే తెరుస్తారు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి తప్ప మరొకటి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. ఆ దారుల్లో చాలాచోట్ల వంతెనలుండవు, ఏట్లో దిగి దాటాల్సిందే. పొద్దున మోకాలి లోతున్న నీళ్లు, ఎండకు హిమానీనదం కరిగి సాయంత్రానికి నడుము లోతుకు రావచ్చు. ఏట్లో పాడైన బండికి అద్దె కంపెనీల బీమా సాధారణంగా వర్తించదు. తూర్పున 939 నంబరు రోడ్డు, ఓక్సి కనుమ, మరో రకం ఉచ్చు. అది ఎఫ్ రోడ్డు కాదు. మ్యాప్ మీద సముద్రం పక్కగా చుట్టూ పోయే దారి కంటే బోలెడు కిలోమీటర్లు కలిసొస్తుంది కాబట్టి లెక్క అటే మొగ్గుతుంది. తీరా చూస్తే అది నిటారుగా ఎక్కే కంకర దారి, చలికాలంలో మూతబడుతుంది. ఒకే పేరున్న ఊళ్ల సంగతీ ఉంది. రేక్‌హోల్ట్ అంటే మధ్యయుగపు రచయిత స్నోర్రి స్టుర్లుసన్ బతికిన పడమటి ఊరూ అవుతుంది, దక్షిణాన గ్రీన్‌హౌస్‌లలో టమాటాలు పండించే ఊరూ అవుతుంది. ఏది కావాలో చెప్పాల్సింది మనమే.

రోడ్డు మీద మరికొన్ని ఉన్నాయి. తారు అయిపోయి కంకర మొదలయ్యే చోట అక్కడి భాషలో ఒక చిన్న బోర్డు ఉంటుంది. అక్కడి నుంచి వేగపరిమితి 90 నుంచి 80కి తగ్గుతుంది, చక్రాల కింద రాళ్లు జారతాయి. ఒకే బండి పట్టే వంతెనలు ప్రధాన రహదారి మీద కూడా తగులుతాయి. ముందు చేరినవాళ్లది ముందు. అన్నిటికంటే తమాషా రెండు వరసల రౌండెబౌట్లు. ఐస్‌లాండ్‌లో లోపలి వరసలో ఉన్న బండికే బయటికి పోయే హక్కు. బయటి వరసవాళ్లు ఆగాలి. ‘రెండో దారిలో బయటికి వెళ్లు’ అని మాత్రం యంత్రం చక్కగా చెబుతుంది. ఎడమవైపు నడపడం అలవాటైన మన డ్రైవరు, కుడివైపు నడుస్తూ, ఆ చక్రాన్ని వ్యతిరేక దిశలో చుడుతూ, ఎవరికి ఎవరు దారివ్వాలో తెలియకుండా ఆ మాట వింటాడు. ఇక గాలి. పార్కింగ్‌లో తలుపు తీయగానే కీలుతో సహా ఊడదీసే గాలి అక్కడ వింతేమీ కాదు, అందుకే అద్దె కార్ల కౌంటరులో ఆ హెచ్చరిక ముందే వినిపిస్తుంది. మలుపులు చెప్పే గొంతులో అది వినిపించదు.

ఐస్‌లాండ్ ప్రకృతితో పరీక్షిస్తే యూరప్‌లోని తక్కిన దేశాలు చట్టంతో పరీక్షిస్తాయి. ఫ్లోరెన్స్, రోమ్ లాంటి ఇటలీ నగరాల పాత బస్తీల్లో అనుమతి లేని కార్లు కొన్ని వేళల్లో ప్రవేశించకూడదు. సరిహద్దు మీద కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది. మనం ఇంటికొచ్చి, ఆ ప్రయాణం ఫొటోలు కూడా పాతబడ్డాక అద్దె కంపెనీ ద్వారా జరిమానా కాగితం వస్తుంది. చిరునామా ఇచ్చినందుకు కంపెనీ వసూలు చేసే రుసుము వేరే. యంత్రం దృష్టిలో ఆ వీధి కూడా అన్ని వీధుల్లాంటిదే కావచ్చు. స్విట్జర్లాండ్‌లో మోటార్‌వే ఎక్కాలంటే ముందుగా 40 ఫ్రాంకుల విన్యెట్ అనే టోల్ పర్మిట్ కొనాలి. స్పీడ్ కెమెరాలున్న చోట ముందే హెచ్చరించే సదుపాయం మన దగ్గర మామూలే. ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో డ్రైవరు దాన్ని వాడుకోవడం నేరం. అంటే అక్కడ దారి చూపే వస్తువే జరిమానా తెచ్చిపెట్టగలదు. చిరునామా పద్ధతులూ దేశానికొకటి. జపాన్‌లో అద్దె కారు నావిగేటరుకు వీధి పేరు కొట్టడం కంటే హోటల్ ఫోన్ నంబరో మ్యాప్‌కోడ్ అనే అంకెల వరసో ఇవ్వడం తేలిక. బ్రిటన్ పల్లెల్లో ఒక్క పోస్ట్‌కోడ్ కింద దూరదూరంగా ఉన్న పొలాల ఇళ్లన్నీ ఉంటాయి. పోస్ట్‌కోడ్ కొట్టి వెళ్తే ‘గమ్యం చేరారు’ అని యంత్రం అన్నచోట కంచె, గొర్రెలు తప్ప ఏమీ ఉండకపోవచ్చు.

నా వాదనకు మొదట వచ్చే అభ్యంతరం: అయితే మళ్లీ కాగితం మ్యాప్ పట్టుకోమంటారా? అనను. కాగితమూ చంపగలదు. 1996 జులైలో నలుగురు జర్మన్ పర్యాటకులు కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో అద్దె వ్యాన్‌తో మాయమయ్యారు. బండి అక్టోబరులో ఒక ఎండిన లోయలో దొరికింది. ఎముకలు 2009లో గానీ దొరకలేదు. వాళ్ల దగ్గర జీపీఎస్ లేదు. ఆ దారి ఎందుకు పట్టారన్నది ఇప్పటికీ ఊహే. మ్యాప్ మీద గీత చూసి అది దాటదగిన దారేనని నమ్మారన్నది చాలామంది అంచనా. ఒడిలో మ్యాప్ పరచుకుని, పరాయి భాష బోర్డులు చదువుతూ, అలవాటు లేని వైపు నడపడం కంటే చెవిలో మలుపు చెప్పే గొంతు ఎంతో నయం. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. కాబట్టి మలుపులు యంత్రం చెప్పనివ్వండి. ఏ రోడ్డున పోవాలన్న నిర్ణయం మాత్రం దాని చేతిలో పెట్టొద్దు.

రెండో అభ్యంతరం: ఇవన్నీ నూటికో కోటికో జరిగేవి, అదీ తెలివితక్కువవాళ్లకు. 2009లో ఇటలీలో కాప్రి దీవికని బయల్దేరి, జీపీఎస్‌లో అక్షరాలు తారుమారై, ఉత్తరాన కార్పి అనే పరిశ్రమల ఊరికి చేరి, కాప్రిలో ఉండే ‘నీలి గుహ ఎక్కడ’ అని అడిగిన స్వీడన్ జంటను చూసి నవ్వొచ్చు. 2012లో ఆస్ట్రేలియాలో జీపీఎస్ మాట నమ్మి నార్త్ స్ట్రాడ్‌బ్రోక్ దీవికి దారి ఉందనుకుని, పోటు రాబోతున్న బురదలోకి కారు దించిన ముగ్గురు జపాన్ విద్యార్థులను చూసీ నవ్వొచ్చు. కానీ 2024 మేలో కేరళలోని కురుప్పంతర దగ్గర, తెల్లవారకముందే, మ్యాప్ చూపిన దారిలో పోతూ, రోడ్డు మీద నిలిచిన వాననీరనుకుని పొంగుతున్న వాగులోకి కారు పోనిచ్చింది హైదరాబాద్ బృందం. నలుగురూ బయటపడ్డారు, కారు మునిగింది. ఆ ఊరివాడెవడూ ఆ సమయంలో అటు తిప్పడు. ఇందులో తెలివి ప్రసక్తి లేదు. ఆ చోటు తెలియకపోవడమే ఉంది. మన దేశంలోనే, నాలుగు అడుగులకో టీకొట్టు ఉండి అద్దం దించి అడగగలిగే చోటే ఇలా అయితే, గంటసేపు పోయినా ఎదురుగా మనిషి కనపడని చోట సంగతేమిటి? నూటికో కోటికో అన్న లెక్కలోనూ ఒక కిటుకు ఉంది. దారి తప్పి రెండు గంటలు పోగొట్టుకున్నవాళ్లూ, జరిమానాలు గుట్టుగా కట్టేసినవాళ్లూ ఏ వార్తలోనూ ఉండరు.

మూడోది కాస్త బలమైనది: సమాచారం రోజురోజుకీ మెరుగవుతోంది కదా, రేపటికి ఈ తప్పులన్నీ పోతాయి. నగరాల విషయంలో ఒప్పుకుంటాను. అయితే ట్రాఫిక్ ఎలా ఉందో యాప్‌కి తెలిసేది ప్రధానంగా ఆ రోడ్డు మీద పోతున్న ఫోన్ల వల్లే. వాహనాలే పోని దారి మీద దానికి చూపు తగ్గుతుంది. ఖాళీగా ఉన్న రోడ్డూ, మూసేసిన రోడ్డూ ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. 2019 జూన్‌లో డెన్వర్ విమానాశ్రయం రోడ్డు మీద యాక్సిడెంట్ జరిగితే, ఖాళీగా ఉన్న మట్టిదారి ఒకటి చూపించింది గూగుల్ మ్యాప్స్. వానకు నానిన ఆ మట్టిలో దాదాపు వంద కార్లు ఇరుక్కుపోయాయి. అమెరికాలాంటి చోటే, ఒక మహానగరం అంచునే ఇంత జరిగింది. పర్యాటకులు వెతుక్కుంటూ వెళ్లేది ఎక్కువగా జనం తిరగని చోట్లకే. సార్డీనియా దీవిలోని బౌనేయి అనే ఊరి మేయరు 2019లో, గూగుల్ మ్యాప్స్ నమ్మి మేకల దారుల్లో ఇరుక్కునేవాళ్లను బయటికి లాగలేక, దాన్ని నమ్మొద్దని బోర్డులు పెట్టించారు.

దీనికి మెదడు సంగతీ కలుపుతారు కొందరు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, జీపీఎస్ ఎక్కువగా వాడిన డ్రైవర్లకు సొంతంగా దారి గుర్తుపట్టే శక్తి తక్కువగా కనిపించింది. అందులో పాల్గొన్నవాళ్లు యాభై మందే కాబట్టి దాని మీద మేడలు కట్టను. జపాన్‌లో 2008 నాటి ఒక ప్రయోగం మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంది: జీపీఎస్‌తో నడిచినవాళ్లు కాగితం మ్యాప్ పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు. మొత్తం దారిని ఒక్కసారి కళ్లతో చూసుకోవడం వల్ల వచ్చే పట్టు, మలుపు తర్వాత మలుపు వినడం వల్ల రాదు.

కాబట్టి విదేశాల్లో స్టీరింగ్ పట్టేవాళ్లు ముందు రోజు రాత్రి పది నిమిషాలు ఈ పనికి కేటాయించండి. రూటు మొత్తం తెర మీద తెరిచి మొత్తం దూరం, సమయం చూడండి. మధ్యలో వచ్చే రెండు మూడు పెద్ద ఊళ్ల పేర్లు, రోడ్డు నంబర్లు కాగితం మీద రాసుకోండి; అవి రాకపోతే బండి ఆపండి. ‘దగ్గరి దారి’ అని చూపితే ఎందుకు దగ్గరో తెలుసుకోకుండా అటు వెళ్లకండి. సిగ్నల్ లేని చోట్లకు మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పక్క సీట్లో కూర్చున్నవారు ఫోన్‌లో రీల్స్ చూడకుండా బోర్డులు చదివితే సగం ప్రమాదం తగ్గుతుంది. రోడ్డు తెరిచి ఉందో లేదో చెప్పేది ఆ దేశపు రోడ్ల శాఖ. ఐస్‌లాండ్‌లో దాని ఫోన్ నంబరు 1777. కారెక్కే ముందు ఒకసారి కాల్ చేయండి.