బ్లాక్‌చైన్ చీలితే ఎవరి సొమ్ముకు భద్రత?

2016 జూన్ 17న ఈథీరియం నెట్‌వర్క్‌లో భారీ దోపిడీ జరిగింది. ‘ది డీఏఓ’ అనే ఉమ్మడి పెట్టుబడి నిధి ప్రోగ్రాంలో ఉన్న లోపాన్ని పట్టుకుని ఒక అజ్ఞాతవ్యక్తి ఆ నెట్‌వర్క్ నాణేలైన ఈథర్లను సుమారు 36 లక్షల దాకా పక్కకు మళ్లించాడు. అప్పటి ధరలో వాటి విలువ దాదాపు 5 కోట్ల డాలర్లు. అయితే అదే ప్రోగ్రాం నిబంధన ప్రకారం ఆ సొమ్మును కొన్ని వారాల దాకా బయటికి తీసే వీల్లేదు. ఈథీరియం సమాజం ఆ గడువులోనే ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది.

నెట్‌వర్క్ నిబంధనలు మార్చైనా సరే, పోయిన సొమ్మును సొంతదారులకు ఇప్పించాలని ఒక వర్గం పట్టుబట్టింది. ఈథీరియం రూపకర్త విటాలిక్ బుటెరిన్ కూడా అటే మొగ్గారు. ఒకసారి నమోదైన లావాదేవీని ఎవరూ తిరగరాయలేరన్న నమ్మకం మీదే కదా బ్లాక్‌చైన్ నిలబడింది, ఇవాళ వీళ్ల కోసం మారిస్తే రేపు ఎవరి కోసం మారుస్తారని రెండో వర్గం నిలదీసింది. రెండు మాటల్లోనూ న్యాయముంది. తీర్పు చెప్పే కోర్టు మాత్రం లేదు.

చివరికి ఈథర్లు ఉన్నవాళ్ల అభిప్రాయం తెలుసుకునేందుకు ఆన్‌లైన్ ఓటింగ్ జరిగింది. పోలైన వాటిలో 80 శాతానికి పైగా మార్పు వైపే పడ్డాయి. కానీ చలామణిలో ఉన్న మొత్తం ఈథర్లలో ఓటింగ్‌కు వచ్చినవి కొద్ది వంతే. జులై 20న, 19,20,000వ బ్లాక్ దగ్గర హార్డ్ ఫోర్క్, అంటే నిబంధనలు మార్చి బ్లాక్‌చైన్ గొలుసును చీల్చడం, జరిగిపోయింది. ఒప్పుకోనివాళ్లు పాత గొలుసునే కొనసాగించారు. అదే నేటి ఈథీరియం క్లాసిక్.

చీలిక నాటికి ఈథర్ ఉన్న ప్రతివారికీ రెండు గొలుసుల్లోనూ నాణేలు మిగిలాయి, ఒకే డిజిటల్ సంతకం రెండుచోట్లా చెల్లింది. కొత్త గొలుసులో ఎవరికైనా 10 ఈథర్లు పంపితే, అదే సంతకాన్ని పాత గొలుసులో మళ్లీ వాడి అక్కడి 10 నాణేలనూ అదే చిరునామాకు చేర్చవచ్చు. దీన్ని రీప్లే దాడి అంటారు. పాత గొలుసు దానంతటదే ఆగిపోతుందని చాలామంది అనుకున్నారు. ముందుగా అడ్డుకట్ట వేయకపోవడంతో ఎక్స్ఛేంజీలు కూడా నాణేలు పోగొట్టుకున్నాయి. ఈథీరియంలో దీనికి రక్షణ నవంబరులో గానీ రాలేదు.

ఆ అనుభవం మరుసటి ఏడాది పనికొచ్చింది. బిట్‌కాయిన్ బ్లాకు పరిమాణం 1 ఎంబీయే ఉండాలా, పెంచాలా అన్న వివాదం ఏళ్ల తరబడి నలిగి, 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ క్యాష్ వేరుపడింది. విడిపోయినవాళ్లు తేదీని ముందే ప్రకటించారు, రీప్లే రక్షణనూ అమర్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో, తగినంత ఏకాభిప్రాయం కుదరలేదంటూ, బిట్‌కాయిన్ బ్లాకు పరిమాణం పెంచే సెగ్‌విట్2ఎక్స్ ప్రణాళిక ప్రతిపాదకులు తమ ఫోర్క్‌ను తామే విరమించుకున్నారు. వెనక్కి తగ్గడం కూడా బాధ్యతే.

సిద్ధాంతం కోసం విడిపోయే హక్కు ఎవరికైనా ఉంది, సామాన్యుల సొమ్మును ప్రమాదంలోకి నెట్టే హక్కు ఎవరికీ లేదు. క్రిప్టో ఉన్న పాఠకులు ఇలాంటి చీలిక వార్త వినగానే లావాదేవీలు ఆపి, రీప్లే రక్షణ ఉందో లేదో తెలుసుకోవాలి. కొత్త నాణేలు ఉచితంగా ఇప్పిస్తామంటూ, నాణేలపై అధికారమిచ్చే రహస్య సంకేతమైన ప్రైవేట్ కీ అడిగేవాళ్లకు దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు.