ఒకసారి వాడి పారేసే కొలబద్ద

వేలి చివర గుచ్చి బొట్టు రక్తం అంటిస్తే షుగర్ ఎంతుందో చెప్పే స్ట్రిప్‌ను మనం రసాయన శాస్త్రం ఇచ్చిన వరంగానే చూస్తాం. అది సగం నిజం. అందుకు కావలసిన మూల ఆలోచన 1962లోనే అచ్చయింది. ఎలక్ట్రోడు మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును నిలిపితే చక్కెరను కొలవవచ్చని ఆ ఏడాది అమెరికాలో లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ప్రతిపాదించారు. 1975లో ఒహాయోలోని ఎల్లో స్ప్రింగ్స్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ ఆ పద్ధతిలో పనిచేసే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. కానీ అది ప్రయోగశాల బల్ల మీద ఉండాల్సిన యంత్రం. అదే సూత్రం పెన్నంత మీటరుగా మారి మామూలు మనిషి జేబులోకి చేరింది 1987లో. ఈ ప్రయాణంలో శుభలేఖలు, దుకాణాల బోర్డులు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగుకు రావలసిన పేరు రాలేదని నా అభిప్రాయం.

రసాయనం ఘనతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎంజైము ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లను లాగుతుంది. తొలి పద్ధతిలో వాటిని అందుకునేది ఆక్సిజన్. రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి లెక్క తప్పేది. రెండు కర్బన వలయాల మధ్య ఇనుప పరమాణువు ఇమిడి ఉండే ఫెర్రోసీన్ జాతి పదార్థం ఆ పనికి పనికొస్తుందని ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ పరిశోధకులు 1984లో చూపించారు. అది ఎలక్ట్రాన్లను ఎంజైము దగ్గర అందుకుని ఎలక్ట్రోడుకు అప్పజెబుతుంది. మూడేళ్ల తర్వాత మెడిసెన్స్ సంస్థ తెచ్చిన ఎగ్జాక్‌టెక్ మీటరుకు ఆధారం ఇదే. ఫెర్రోసీన్ లేకపోతే ఆ మీటరు లేదన్న మాట అక్షరాలా నిజం. అయితే అది ప్రయోగశాలలో ఒక ఎలక్ట్రోడును బాగా పనిచేయించింది. లక్షల ఎలక్ట్రోడులను ఒకేలా పనిచేయించడం వేరే సమస్య.

ఆ సమస్య ఎంత కఠినమో చూడండి. స్ట్రిప్‌ను ఒక్కసారే వాడగలం. మంచిదో కాదో తేల్చుకోవాలని రక్తం అంటిస్తే అది అక్కడితో సరి. అంటే రోగి చేతికొచ్చే ఏ స్ట్రిప్పునూ, అదే స్ట్రిప్పును, ముందుగా ఎవరూ పరీక్షించి ఉండరు. పరీక్షించినవి దాని తోటివి. ఒక బ్యాచ్‌లో కొన్నింటిని తీసి, షుగర్ మోతాదు తెలిసిన రక్తంతో కొలిచి, ఎంత సవరణ అవసరమో లెక్కగట్టి, ఆ సవరణను బ్యాచ్ మొత్తానికి వర్తింపజేస్తారు. పాత మీటర్లలో డబ్బా మీది కోడ్ నంబరును మనం నమోదు చేసింది ఇందుకే. మన నమ్మకమంతా ఆ స్ట్రిప్ తన తోటివాటిలా ఉంటుందన్న దాని మీదే నిలబడింది. ఒకే అచ్చు నుంచి వేలకొద్దీ ఒకేలాంటి ప్రతులు తీయడం ముద్రణకు పుట్టుకతో వచ్చిన విద్య.  

స్ట్రిప్పులను అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పని జరిగే తీరు తెలిసినదే. సన్నని జల్లెడ గుడ్డను చట్రానికి బిగించి, సిరా దిగకూడని చోట్ల పూత వేసి మూసేస్తారు. రబ్బరు పట్టీతో సిరాను ఈ చివర నుంచి ఆ చివరికి లాగితే తెరిచి ఉన్న కన్నాల గుండా కింది ప్లాస్టిక్ రేకు మీదికి దిగుతుంది. ఇక్కడ సిరా గ్రాఫైట్ పొడి కలిపిన జిగురు ముద్ద. కొన్ని చోట్ల వెండి, సిల్వర్ క్లోరైడ్ కలిపినది. దాని మీద విద్యుత్తు పారనివ్వని పొర వేసి, చిన్న కిటికీ మాత్రం వదిలిపెడతారు. అసలు కిటుకంతా ఆ కిటికీలో ఉంది. మీటరు కొలిచే కరెంటు రక్తం తాకిన ఎలక్ట్రోడు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. కిటికీ వెడల్పు 1 మిల్లీమీటరు అనుకుందాం. ఆ పై పొర సిరా చెరోవైపు 0.05 మిల్లీమీటరు లోపలికి పాకితే వైశాల్యం 10 శాతం తగ్గినట్టే, రీడింగూ ఆ మేరకు తగ్గుతుంది. 100 మిల్లీగ్రాములు, అంతకు మించిన రీడింగుల్లో 95 శాతం 15 శాతం తేడాకు లోబడి ఉండాలని 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. ఆ వెసులుబాటులో మూడింట రెండు వంతులను వెంట్రుక మందం కూడా లేని సిరా మింగేసింది. కానీ ప్రతి స్ట్రిప్పులోనూ సిరా అంతే పాకితే నష్టమేమీ లేదు, కోడ్ దాన్ని సరిదిద్దేస్తుంది. ఒకదానిలో పాకి ఇంకోదానిలో పాకకపోతేనే ప్రమాదం. అందుకే ఇక్కడ కచ్చితత్వం కన్నా ఏకరూపత విలువైనది.

ముద్రణ చేసిందల్లా ఖరీదు తగ్గించడమేగా అనేవారుంటారు. చవకే లక్ష్యమైతే అంతకన్నా ముందే దారి ఉంది. రసాయనంలో నానబెట్టిన కాగితపు పట్టీ డెక్స్‌ట్రోస్టిక్స్‌ను ఏమ్స్ కంపెనీ 1965లోనే తెచ్చింది. అయితే రంగు మారడాన్ని కంటితో పోల్చి అంచనా వేయాలి. అది ఉజ్జాయింపుకే పనికొస్తుంది. కొన్ని కంపెనీలు కార్బన్ సిరా మానేసి బంగారం వంటి లోహపు పలుచని పొరను లేజరుతో కోసి వాడుతున్నాయన్నది ఇంకో అభ్యంతరం, ఇది బలమైనదే. అంచులు మరింత పదునుగా రావడానికే ఆ మార్పు. అంటే ముద్రణ పెట్టిన పరీక్షలో ముద్రణ కన్నా మెరుగైన పనితనం నెగ్గింది. పరీక్ష మాత్రం మారలేదు. ఒంటికి అతికించుకుని 14 రోజులు వాడే ఫ్రీస్టైల్ లిబ్రే కూడా ఫ్యాక్టరీలో వేసిన సవరణతోనే నడుస్తుంది, ఇంట్లో రక్తపు బొట్టుతో సరిచూడమని అడగదు.

ఈ పద్ధతికి పొలిమేర ఫ్యాక్టరీ గేటే. తోటివాటితో పోలిక డబ్బా మూత తెరిచేదాకానే ఖాయం. తేమ, ఎండ వేడి తగిలితే ఎంజైము బలహీనపడుతుంది. వంటగది అలమరలో మూత వదులుగా ఉన్న డబ్బాలోని స్ట్రిప్‌కు, ఫ్యాక్టరీలో పరీక్షకు వెళ్లిన దాని జోడీకి ఇక సంబంధం ఉండదు. మీటరుకు ఆ సంగతి తెలిసే అవకాశం తక్కువ. పాత సవరణతోనే లెక్కగట్టి అంకె చూపిస్తుంది. మూత వెంటనే బిగించమనీ, తెరిచాక ఇన్ని నెలల్లో వాడేయమనీ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే సూచనలు అందుకోసమే.