కప్పలలో ఆడు మగ భేదమెట్లు కలుగును?

తొలకరి వాన వెలిసిన రాత్రి చెఱువుగట్టున కప్పల బెకబెకలు విననివారు మనలో నుండరు. అట్లు కూయునవి చాలవఱకు మగకప్పలే. గొంతుక్రింది తిత్తిని పొంగించి అవి ఆడుకప్పలను పిలుచుచుండును. ఒక్క తల్లి పెట్టిన గ్రుడ్లనుండి వచ్చిన తోకకప్పలలో కొన్ని మగవియు, కొన్ని ఆడువియు నగుటకు కారణమేమి? ఇది పుట్టుకతోనే నిర్ణయమగునా? లేక అవి పెరిగిన నీరు నిర్ణయించునా?

ప్రాణుల దేహము సూక్ష్మకణములతో నిర్మింపబడినది. ఈ కణములయందు క్రోమొసోములను సన్నని పోగులు జంటలుగా నుండును. తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు చేర్చు జన్యువులు ఈ పోగులయందే కలవు. మనుష్యులలో స్త్రీకి ఎక్స్ అను పోగులు రెండును, పురుషునకు ఎక్స్ ఒకటియు, వై ఒకటియు నుండును. కావున బిడ్డ ఆడుదో మగవాడో యగుట తండ్రి బీజమునుబట్టి జరుగును. ఆడుపిల్ల పుట్టినదని తల్లిని నిందించుట అవివేకమని దీనివలన తెలియుచున్నది.

ఆఫ్రికా ఖండపు గోళ్లకప్పయందు ఇది తలక్రిందుగా నున్నది. మగదానికి జెడ్ అను పోగులు రెండు. ఆడుదానికి జెడ్ ఒకటి, డబ్ల్యు ఒకటి. 2008వ సంవత్సరమున జపాను శాస్త్రజ్ఞులు ఈ డబ్ల్యు పోగునందు డీఎం-డబ్ల్యు అను జన్యువును కనుగొనిరి. వృషణములు ఏర్పడుటకు తోడ్పడు వేఱొక జన్యువు పనిని ఇది యడ్డగించును. అందుచే అండకోశములు ఏర్పడును. జపానునందలి ముడుతల కప్ప మఱింత వింతయైనది. అది కొన్ని ప్రాంతములలో ఎక్స్-వై పద్ధతిని, మఱికొన్నిట జెడ్-డబ్ల్యు పద్ధతిని అనుసరించును.

ఇంతవఱకు బీజము మాట. ఇక క్షేత్రము మాట. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎమిల్ విట్షి 1929లో ప్రకటించిన ప్రయోగమున, ఒకజాతి అడవికప్ప పిల్లలను 32 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చని నీటిలో పెంచెను. ఆడువాని అండకోశములు క్రమముగా వృషణములుగా మాఱెను. తరువాత 1956లో ఆయనయు, చాంగ్ అను శాస్త్రజ్ఞుడును గోళ్లకప్పల పిల్లలున్న నీటిలో ఈస్ట్రడయోల్ అను స్త్రీ హార్మోనును కలిపి చూపిన ఫలితము ఇంకను విచిత్రము. పిల్లలన్నియు ఆడువైనవి! అవి పెద్దవైన పిదప మామూలు మగకప్పలతో జతపఱచగా, వానిలో కొన్నిటికి మగపిల్లలే పుట్టినవి. ఏలయన ఆ తల్లులకు ఉన్న పోగులు రెండును జెడ్‌లే. బిడ్డలకిచ్చుటకు డబ్ల్యు లేదు. దేహము మాఱినది గాని బీజము మాఱలేదు.

ఇట్టి మార్పు ప్రయోగశాలకే పరిమితము కాదు. జన్యువులొకరీతిని, దేహమొకరీతిని ఉన్న కప్పలు అమెరికాలో అడవి గుంటలయందును, ఇండ్ల నడుమనున్న గుంటలయందును కనబడినట్లు 2019లో ప్రకటింపబడినది. కావున కొంత మార్పు ప్రకృతిసిద్ధమే కావచ్చును.

కాని మానవుడు నీటిలో కలుపు వస్తువుల మాట వేఱు. కలుపుమొక్కలను చంపు అట్రజీన్ అను మందు నూఱుకోట్ల పాళ్ల నీటికి రెండున్నర పాళ్లు కలిసినను, అందు పెరిగిన మగ గోళ్లకప్పలలో పదింట ఒకటి ఆడుదై గ్రుడ్లు పెట్టగలిగెనని టైరోన్ హేస్ అను శాస్త్రజ్ఞుడు 2010లో ప్రకటించెను. మఱికొందఱి పరీక్షలలో ఇట్టి హాని కనబడకపోవుటచే వాదము కలిగినది. ఈ మందును మన దేశమునందును మొక్కజొన్న, చెఱకు చేలలో చల్లుచున్నారు.

విద్యార్థులారా! కప్పకు దాని తల్లిదండ్రులిచ్చిన బీజమును మనము మార్చజాలము. కాని అది తోకకప్పగా పెరుగు కొలది వారములు ఉండు నీరు మన చేతిలో నున్నది. పంటలను తిను పురుగులను కప్ప తినును. ఆ విధముగా అది రైతునకు జీతములేని కావలివాడు. మీ యింటివారు మందు చల్లిన పిమ్మట ఆ డబ్బాను చెఱువులోగాని, కాలువలోగాని కడుగకుండునట్లు వినయముతో చెప్పుడు. ఆ నీటిలో కంటికి కనబడని ప్రాణుల భవిష్యత్తు నిర్ణయమగుచుండును.