యురేనియమును పట్టు ఇనుపధూళి



నాగటికఱ్ఱునకును, కొడవలికిని పనికివచ్చు ఇనుము నీటిలోని విషమునుగూడ పట్టగలదన్న, మీలో కొందఱు నవ్వవచ్చును. అది ఎట్లు పట్టునో, ఎంతవఱకు పట్టునో విన్నవించెదను.

మన చిత్తూరుసీమకు ఉత్తరమున, కడపజిల్లా పులివెందుల చేరువనున్న తుమ్మలపల్లెలో యురేనియపుగని కలదు. అది 2012లో ప్రారంభమైనది. అచ్చటి ఖనిజము డోలమైటను సున్నపురాతిజాతి శిలలో ఉన్నది. కనుక ఆమ్లముతోగాక సోడాక్షారముతో దానిని కరగించి, మిగిలిన బురదను చెరువువంటి కట్టడమున నిలువచేయుదురు. ఆ ఊట తమ బోరులను చేరుచున్నదని గ్రామస్థులు మొఱపెట్టుకొనిరి, గనివారు కాదనిరి. గనులు లేనిచోటను నల్లరాతి పొరలనుండి యురేనియము కొంత నీటిలోనికి దిగవచ్చును.

ఈ విషమునకు రంగు లేదు, వాసన లేదు. కాచినను పోదు. ముఖ్యముగా మూత్రపిండములను చెఱచును. లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి నిర్ణయము.

ఇనుము తుప్పుపట్టునపుడు తన ఎలక్ట్రానులను విడుచును. వానిని గ్రహించిన యురేనియము కరగెడు గుణము కోల్పోయి, ఇనుమునే అంటుకొనును. బెల్లపుగడ్డకంటె నూఱిన బెల్లము త్వరగా కరగునుగదా! అట్లే ఇనుము ఎంత సన్ననిదైన పని అంత త్వరితము. మీటరును నూఱుకోట్ల భాగములు చేసిన ఒక్కొక్కటి నానోమీటరు. ఈ ధూళిరేణువు సాధారణముగా నూఱు నానోమీటరులకు మించదు.

రొమేనియాదేశమున లిసవాలోయ నీటితో బ్రిస్టలు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష 2011లో ప్రకటితమైనది. కొద్దిగంటలలోనే యురేనియము చాలవఱకు తగ్గినది. కాని దినములు గడచుకొలది కొంత మరల నీటిలో కలిసినది. కారణమేమి? ఆ నీట కార్బనేటులు మెండు. ఇనుము తుప్పుపట్టి బలముడుగగా, గాలిలోని ప్రాణవాయువు యురేనియమును విడిపించును, కార్బనేటులు దానిని లాగికొనును. కావలివాడు నిద్రించిన, కట్టిన దొంగ పాఱిపోయినట్లే.

సున్నపురాతియు సోడాయు కలిసిన తుమ్మలపల్లెవంటి చోటులకు ఇదియే ముఖ్యమైన పాఠము. ఇనుము విషమును నశింపజేయదు, పట్టియుంచును అంతే. పట్టిన ధూళిని సకాలమున తీసి భద్రపఱచినగాని ఫలము నిలువదు. కావున బావిలో మేకులు వేసి నిశ్చింతగా నుండరాదు. అనుమానమున్నచో నీటిని ప్రయోగశాలలో పరీక్షింపించుడు. దోషమున్నదని తేలిన, త్రాగుటకు వేఱు నీటిని వెదకుడు; లేదా ఆర్.ఓ. యంత్రమున వడకట్టుడు. ఊరిపెద్దలు ముందు నడచిన పిల్లలకు మంచినీరు దక్కును.